పెరటి వెనక పాత క్రాన్‌బెర్రీ బాగ్‌ని మళ్లీ చిత్తడి నేలగా మారుస్తారట. ఒప్పుకోవాలా, అభ్యంతరం చెప్పాలా?

నీలిగట్టు (ప్లిమత్):

అందరికీ నమస్కారం. మాది మసాచుసెట్స్‌లో ప్లిమత్. మూడేళ్ల క్రితం ఇల్లు కొన్నాం. పెరడు దాటగానే ఒక క్రాన్‌బెర్రీ బాగ్, అంటే క్రాన్‌బెర్రీ అనే ఎర్రటి పుల్లని కాయలు పండించే పల్లపు పొలం. మేం వచ్చేటప్పటికే సాగు ఆపేశారు. మొదటి అక్టోబరులో ఇంకా తీగల మధ్య ఎర్రగా కాయలు కనిపించేవి, మా అబ్బాయి దోసిలి నిండా ఏరుకొచ్చేవాడు. ఇప్పుడక్కడ నడుమెత్తు పైన్ మొక్కలు లేచాయి. కాలువల్లో నీళ్లు నల్లగా నిలబడి ఉంటాయి, తూము చెక్కలు పుచ్చిపోయాయి.

పోయిన వారం సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం వచ్చింది. ఓనరు ఆ నేలని చిత్తడి నేలగా పునరుద్ధరించడానికి అర్జీ పెట్టుకున్నారు, వచ్చే నెల కన్సర్వేషన్ కమిషన్ (చిత్తడి నేలల అనుమతులు చూసే ఊరి సంఘం) ముందు హియరింగ్. 100 అడుగుల లోపు ఉన్నవాళ్లం కాబట్టి మాకు నోటీసు. టౌన్ హాల్‌కి వెళ్లి ప్లాన్ చూశాను. తూములు, చిన్న ఆనకట్ట తీసేస్తారట. కాలువలు పూడ్చేస్తారట. పైనున్న ఇసుకని యంత్రాలతో తవ్వి, తిన్నగా పోతున్న వాగుని వంపులు తిప్పి, అందులో చెట్ల దుంగలు వేస్తారట.

నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. అంత విధ్వంసం ఎందుకు, అలా వదిలేస్తే ప్రకృతి తన పని తాను చేసుకోదా? నీటిమట్టం పెరిగితే మా బేస్‌మెంట్, సెప్టిక్ ఏమవుతాయి? ఇక దోమలు. 2024 ఆగస్టులో ట్రిపుల్ ఈ (దోమల వల్ల వచ్చే ప్రమాదకరమైన మెదడు జబ్బు) భయంతో మా ఊళ్లో చీకటి పడగానే పార్కులు మూసేశారు, ఆ నెలంతా పిల్లాణ్ని సాయంత్రం బయటికి పంపలేదు. ఇంకొకటి, ఆ గట్టు మీద మా అత్తయ్య రోజూ పొద్దున్నే నడుస్తారు. ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడకి ఉన్న ఒక్క కాలక్షేపం అదే.

ఇలాంటి పని దగ్గరుండి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


వాగువెంట (ఫాల్మత్):

నీలిగట్టు గారూ, మీ మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోవద్దు. మాది కూనమెసెట్ నది ఒడ్డు. ఈ నది పొడవునా టౌన్‌కి చెందిన పాత బాగ్‌లే ఉండేవి. వాటిని చిత్తడి నేలగా మార్చే పని 2020లో పూర్తయింది. అంతకు ముందూ చూశాను, పని జరుగుతుంటే చూశాను, ఇప్పటికీ వారానికి రెండుసార్లు ఆ దారినే నడుస్తాను.

బాగ్‌ని వదిలేస్తే చిత్తడి నేల అవదండి. ఎందుకవదో ఒక గొయ్యి తవ్వితే తెలుస్తుంది. పని మొదలవక ముందు మేం కొందరం వాలంటీర్లం అలాంటి గొయ్యి ఒకటి తవ్వాం. పైన జానెడు లోతు తీగల వేళ్లు, చాపలా అల్లుకుపోయి ఉన్నాయి. దాని కింద వేలు మందాన పసుపు ఇసుక. ఆ కింద సన్నటి నల్ల గీత, ఒకప్పుడు రాలిన ఆకులది. మళ్లీ ఇసుక, మళ్లీ గీత. పద్దెనిమిది గీతలు లెక్కపెట్టి ఆపేశాను. మోకాలు లోతు దాటాక పార ఒక్కసారిగా మెత్తగా దిగింది. పైకొచ్చింది ముదురు గోధుమరంగు పీట్, అంటే నీళ్లలో నాని పూర్తిగా కుళ్లకుండా మిగిలిన పాత మొక్కల పొర. గుప్పిట్లో పట్టి పిండితే నీళ్లు కారాయి, వేళ్ల మధ్య తుంగ పీచు మిగిలింది. ఇసుక అడుగున ఎన్ని దశాబ్దాలు ఉండిపోయిందో, పీచు పీచుగానే ఉంది.

ఆ ఇసుక రైతులు చేత్తో పోసిందే. 1816లో కేప్ కాడ్‌లోని డెన్నిస్‌లో హెన్రీ హాల్ అనే ఆయన, గాలికి ఇసుక కొట్టుకొచ్చి పడిన చోట క్రాన్‌బెర్రీ తీగ బాగా కాస్తోందని గమనించాడు. ఈ ప్రాంతంలో సాగు అక్కడే మొదలైంది. అప్పట్నుంచి కొన్నేళ్లకోసారి పలచగా ఇసుక పరచడం అలవాటైంది. చలికాలంలో బాగ్‌కి నీళ్లు పెట్టి, గడ్డకట్టాక దాని మీద ఇసుక పోస్తారు. వసంతంలో మంచు కరిగితే ఇసుక మెల్లగా తీగల మధ్యకి దిగుతుంది. చాలా తెలివైన పద్ధతి. కానీ నూరేళ్లు అలా పోస్తే నేల రెండు మూడు అడుగులు పైకి లేచిపోతుంది. దానికి తోడు కాలువలు రాత్రింబవళ్లు నీటిని లాగేస్తుంటాయి. కింద పీట్ నానుతూ ఉంటుంది, మొక్క వేరుపట్టే చోట మాత్రం పొడి ఇసుక. మీ పెరటి వెనక పైన్ మొక్కలు రావడానికి కారణం ఇదే. వదిలేస్తే అది పైన్ అడవి అవుతుంది. అడవీ మంచిదే, కానీ అక్కడ మొదట ఉన్నది అది కాదు. రైతు వెళ్లిపోయినా కాలువలు, తూములు, ఇసుక తమ పని మానవు. మనుషులు పెట్టినవాటిని మళ్లీ మనుషులే తీయాలి.

ఇది ముందే చెప్పాలి: పని జరిగే ఏడాది మీ గుండె తరుక్కుపోతుంది. నాకూ అంతే అయింది. ఎక్కడ చూసినా ఉత్త బురద. దాన్ని చదును కూడా చెయ్యరు, కావాలనే గుంటలూ మిట్టలుగా వదిలేస్తారు. గుంటలో నీళ్లు నిలుస్తాయి, మిట్ట మీద పొద మొలుస్తుంది, రెండడుగుల తేడాలో రెండు రకాల బతుకులు. తర్వాతి జూన్‌లో ఒక పొద్దున వెళ్లేసరికి బురద మీద పచ్చటి నూగు. ఎవరూ విత్తనాలు చల్లని చోట కూడా. అన్నేళ్లూ ఇసుక కింద పీట్‌లో నిద్రపోయిన తుంగ గింజలు, వెలుతురు తగలగానే లేచాయి. నేను గట్టు మీద కూర్చుండిపోయాను.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ హెర్రింగ్ చేపల్ని లెక్కపెడతాం. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి చెరువులకి ఎదురీదుతూ వస్తాయి. చేతిలో లెక్క కోసం నొక్కే ఒక క్లిక్కర్, సరిగ్గా 10 నిమిషాలు, కళ్లు ఆర్పకుండా నీళ్లలోకి చూడాలి. ఒక్కోసారి 10 నిమిషాలూ సున్నానే. ఒక్కోసారి వెండి వీపులు గుంపులుగా వచ్చేసి బొటనవేలికి ఊపిరాడదు. అడ్డంగా తూము ఉన్నచోట ఆ చేప ఆగిపోతుంది. దానికి మన హియరింగ్‌లో మాట్లాడే వీలు లేదు.

మీరు అంత దూరం రానక్కర్లేదు. మీ ఊళ్లోనే మనోమెట్‌లో టిడ్‌మార్ష్ ఉంది. పెద్ద క్రాన్‌బెర్రీ ఫారం అది. ఆనకట్టలు తీసి, వాగుని మళ్లీ వంపులు తిప్పాక 2017లో మాస్ ఆడుబాన్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ దాన్ని అభయారణ్యంగా తెరిచింది. ఈల్ నది పుట్టే చోట ఉన్న బాగ్‌లని అంతకన్నా ముందే మార్చారు, అక్కడ వేల సంఖ్యలో అట్లాంటిక్ వైట్ సీడర్ అనే చిత్తడి నేల చెట్ల మొక్కలు నాటారు. అత్తయ్యగారిని ఒకసారి టిడ్‌మార్ష్ తీసుకెళ్లండి. నడక దారులు బాగుంటాయి.


ఊటబావి (బోస్టన్ దగ్గర):

నేను భూగర్భ జలాల పనిలో ఉన్నాను. బేస్‌మెంట్, సెప్టిక్ భయాన్ని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే ఊరుకోకండి. ప్లిమత్ కింద ఉన్నదంతా హిమానీనదాలు వదిలి వెళ్లిన ఇసుక. అందులో నీరు చాలా తేలిగ్గా కదులుతుంది. కాలువ పూడిస్తే చుట్టుపక్కల నీటిమట్టం కొంత పెరగొచ్చు. ఎంత, ఎంత దూరం వరకు అన్నది కొలిస్తేనే తెలుస్తుంది. హియరింగ్‌లో అడగండి: మా స్థలం వైపు పరిశీలన బావి (నీటిమట్టం కొలిచే సన్నటి బోరు) వేశారా? ఏడాది పొడవునా, ముఖ్యంగా వసంతంలో, రీడింగులు తీశారా? మా సెప్టిక్ అడుగు ఎత్తు లెక్కలోకి తీసుకున్నారా? ఇక్కడి టైటిల్ ఫైవ్ నిబంధన ప్రకారం సెప్టిక్ నీరు ఇంకే చోటుకీ భూగర్భ నీటిమట్టానికీ మధ్య కనీసం 4 అడుగులు ఉండాలి. మీలాంటి ఇసుక నేలల్లో నీరు వేగంగా ఇంకితే 5 అడుగులు. లెక్క చూపించగలిగితే సరే, చూపించలేకపోతే చూపించేదాకా వాయిదా అడగడం మీ హక్కు.

దోమల సంగతి కొంచెం చిక్కు. నిలవ నీటి కాలువల కన్నా చేపలూ తూనీగలూ తిరిగే పారే నీరు నయం, ఆ మాట నిజమే. కానీ ట్రిపుల్ ఈ వైరస్‌ని పక్షుల్లో తిప్పే క్యులిసెటా మెలనూరా అనే దోమ పెరిగేది సీడర్, రెడ్ మేపుల్ చిత్తడి అడవుల్లో, చెట్ల వేళ్ల కింది నీటి గుంటల్లో. అది ఎక్కువగా పక్షులనే కుడుతుంది, మనుషులకి వేరే దోమలు మోసుకొస్తాయి. అందుకని ఇళ్ల వైపు తుంగ, గడ్డి ఉంచి, సీడర్ నాటడం దూరంగా చెయ్యమని అడగండి. చెట్లు ముదరడానికి దశాబ్దాలు పడుతుంది నిజమే, కానీ మార్చాలంటే ప్లాన్ కాగితం మీద ఉన్నప్పుడే మార్చాలి.

పాత మందుల గురించి కూడా అడగాలి. ఒకప్పుడు ఈ బాగ్‌లలో డీడీటీ, సీసం, ఆర్సెనిక్ ఉన్న మందులు వాడారు. మట్టి పరీక్షల ఫలితాలు, తవ్విన ఇసుకని ఎక్కడ వేస్తారన్నది ఫైల్లో ఉండాలి.

ఒక లాభం వాగువెంట గారు చెప్పలేదు. మన సెప్టిక్‌ల నుంచి వచ్చే నైట్రోజన్ కాలువల్లో పడి నేరుగా సముద్రపు అఖాతాల్లోకి పోతోంది, అక్కడ నాచు కమ్మేస్తోంది. పీట్ మీద నీరు మెల్లగా, వెడల్పుగా పారితే అందులోని సూక్ష్మజీవులు నైట్రేట్‌ని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. సముద్రానికి దగ్గరున్న పల్లపు బాగ్‌లకి ఇంకో పని కూడా ఉంది: సముద్రమట్టం పెరిగేకొద్దీ తీరంలోని ఉప్పునీటి చిత్తడి నేలలు వెనక్కి జరగడానికి చోటు కావాలి.


మూడోతరం పక్కింటి (కార్వర్):

అందరూ నీళ్ల గురించి చెప్పారు, నేను రైతు గురించి చెప్తాను. మా పక్కింటి పెద్దాయనది మూడు తరాల బాగ్. అక్టోబరులో ఆయన నీళ్లు పెట్టి కాయ తేల్చినప్పుడు, నడుం లోతు నీళ్లలో ఆ ఎరుపంతా ఒక మూలకి లాగుతుంటే వీధి వీధంతా వచ్చి నిలబడేది. ఆయన తీగలు ఎర్లీ బ్లాక్, హోవ్స్ అనే పాత రకాలు. రెండూ ఈ కేప్ కాడ్‌లో పుట్టినవే. కొత్త హైబ్రిడ్లు ఎకరానికి అంతకంటే చాలా ఎక్కువ కాస్తాయి. దేశం పంటలో సగానికి పైగా ఇప్పుడు విస్కాన్సిన్ నుంచే వస్తోంది. 1996 ప్రాంతంలో బ్యారెల్‌కి, అంటే 100 పౌండ్లకి, 60 డాలర్లు దాటిన ధర 2000 వచ్చేసరికి 20 డాలర్ల లోపుకి పడిపోయింది. ఆ దెబ్బ నుంచి తేరుకోలేదాయన. తీగ పీకి కొత్త రకం వెయ్యడానికి డబ్బు లేదు, ఇళ్ల స్థలాలకి అమ్మడానికి మనసు రాలేదు.

చివరికి ఫెడరల్ వ్యవసాయ శాఖ చిత్తడి నేలల ఈజ్‌మెంట్‌కి వెళ్లారు. శాశ్వతంగా సాగు హక్కు వదులుకుంటే ఆ హక్కు విలువ కట్టిస్తారు, భూమి మాత్రం ఆయన పేరునే ఉంటుంది. రాష్ట్రంలో కూడా 2018 నుంచి ఇలాంటి బాగ్‌ల కోసం ప్రత్యేక కార్యక్రమం ఉంది. సంతకం పెట్టిన రోజు ఆయన మాట్లాడలేదు. గట్టు మీద ఒక్కడే చాలాసేపు తిరిగారు.

అమ్మా, నాదొక్కటే మనవి. హియరింగ్‌లో ఆ భూమిని దయచేసి 'పాడుబడిన బాగ్' అనకండి. ముందు ఓనరుతో మాట్లాడండి. నడక దారి గురించి కూడా ఆయన్నే అడగండి, ఇన్నాళ్లూ మిమ్మల్ని ఆ గట్టు మీద నడవనిచ్చింది ఆయనే.


నీలిగట్టు (ప్లిమత్):

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఆదివారం అత్తయ్యని, మా అబ్బాయిని తీసుకుని టిడ్‌మార్ష్ వెళ్లాం. ఒకప్పుడు అక్కడ బాగ్ ఉండేదంటే అత్తయ్య నమ్మలేదు. వాగు వంపు దగ్గర ఒక దుంగ కింద చిన్న చేపపిల్లలు నీడన నిలబడి ఉంటే, వాటిని చూస్తూ పావుగంట కదల్లేదు. "ఇక్కడ నీళ్లకి తొందర లేదే" అన్నారు.

బాగ్ ఓనరు ఇంటికి నిన్న సాయంత్రం వెళ్లాను. మూడేళ్లలో మొదటిసారి. ఎనభై దాటిన మనిషి. నేను అభ్యంతరం చెప్పడానికి వచ్చాననుకుని ముందు కొంచెం బిగుసుకున్నారు. పరిశీలన బావుల గురించి అడిగితే లోపలికి వెళ్లి ప్లాన్ కాగితాలు తెచ్చి టేబుల్ మీద పరిచారు. మా వైపు బావి లేదు. ఉండాల్సిందే అని ఆయనే ఇంజినీరుకి ఫోన్ చేస్తానన్నారు. సీడర్ మొక్కల గుర్తులు మా కంచె దాకా ఉన్నాయి, వాటిని అవతలి గట్టు వైపు మార్చమని రాసిస్తున్నాను. మట్టి పరీక్షల కాగితాలు టౌన్ హాల్ ఫైల్లో ఉన్నాయట, రేపు వెళ్లి చూస్తాను. తూర్పు గట్టు తీసేయక తప్పదట, పడమటి గట్టు మాత్రం నడక దారిగా ఉంచుతున్నారు. అత్తయ్యకి ఆ మాట చెప్తే, పొద్దున ఎండ అటునుంచే బాగుంటుందన్నారు.

హియరింగ్‌కి వెళ్తున్నాను. బావి వేసి రీడింగులు తీస్తే నా మద్దతు అని చెప్తాను.

వాగువెంట గారూ, మీరు చెప్పిన ఇసుక గీతల గురించి ఆయన్ని అడిగాను. "నేను పోసినవి పైనుంచి పన్నెండు, ఆ కిందవి మా నాన్నవి" అన్నారు. శనివారం పార తీసుకుని రమ్మన్నారు, తవ్వి చూపిస్తానని. మా అబ్బాయి అప్పుడే బూట్లు తీసి తలుపు దగ్గర పెట్టుకున్నాడు.