అప్‌డేట్: తమిళానికీ ఇంగ్లీషుకూ చుట్టరికం ఉందా?

కట్టుమరం (తెప్ప), చురుట్టు (చుట్ట) వంటి తమిళ మాటలు ఇంగ్లీషులో కాటమరాన్, చెరూట్‌గా కనిపిస్తున్నాయి కదా, ఆ భాషకు తమిళంతో పుట్టుకలోనే సంబంధం ఉందా అని ఇక్కడ అడిగాను. మీ జవాబుల ఆధారంగా చదివాక తేలిందేమంటే, ఇంగ్లీషు ఇండో-యూరోపియన్ కుటుంబానిది, తమిళం ద్రావిడ కుటుంబానిది. ఆ మాటలు వర్తకం వెంట వెళ్లిన అరువు సొమ్ము. మిళగు తణ్ణీర్ (మిరియాల నీళ్లు) కూడా అలాగే మలిగటానీ సూపై దొరల బల్లకెక్కింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం మద్రాసు కథ. తమిళ, తెలుగు, కన్నడాలు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, వాటిది వేరే కుటుంబమనీ మద్రాసు కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే, అంటే ద్రావిడ భాషలను పోల్చి కాల్డ్‌వెల్ రాసిన వ్యాకరణ గ్రంథానికి నలభై ఏళ్ల ముందే, ధాతువులను (మాటల మూలరూపాలను) పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ వ్యాసం అచ్చయింది ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణంలో (ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదనుకుంటాను).