ఆఫర్ వచ్చి మూడు వారాలైంది, కాగితాల పని ఇంకా మొదలుపెట్టలేదు. మీరెలా చేశారు?

వాన_చినుకు:
అందరికీ నమస్తే. విదేశంలో ఉద్యోగానికి ఆఫర్ లెటర్ వచ్చి మూడు వారాలైంది. చేరడానికి ఇంకా పద్నాలుగు వారాలుంది. ఈలోగా రోజూ అరగంట అక్కడి భాష నేర్చుకుంటున్నాను, ఆఫీసుకి దగ్గర్లో ఇళ్లు చూశాను, చలికోటు కూడా కొన్నాను. హెచ్‌ఆర్ పంపిన డాక్యుమెంట్ల జాబితా మాత్రం మొదటిరోజు ఒక్కసారి చూసి మూసేశాను. రోజూ రాత్రి 'రేపు పొద్దున్నే' అనుకోవడం, పొద్దున్న వేరే పని పెట్టుకోవడం. బద్ధకం అనుకోవడానికి లేదు, మిగతావన్నీ ఇష్టంగానే చేస్తున్నాను. ఆ మెయిల్ తెరవడానికే చెయ్యి రావట్లేదు. వెళ్లినవాళ్లు చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టారు?

పాత_డైరీ:
జాబితాను రెండు కుప్పలు చేయండి. గడువు లేని కాగితాలు ఒకవైపు, గడువున్నవి ఇంకోవైపు. డిగ్రీ, మార్కుల మెమోలు, ట్రాన్స్‌క్రిప్ట్స్ (అన్ని సెమిస్టర్ల మార్కులతో యూనివర్సిటీ ఇచ్చే కాగితం), పాత కంపెనీల ఎక్స్‌పీరియన్స్ లెటర్లు సాధారణంగా ఎప్పుడు తెచ్చుకున్నా పనికొస్తాయి. పోలీస్ క్లియరెన్స్, మెడికల్, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఫొటో అలా కాదు. ఇన్ని నెలల లోపువే కావాలంటారు. మొదటి కుప్ప ఇవాళే మొదలుపెట్టాలి, రెండోది వీసా అపాయింట్‌మెంట్ తేదీ తెలిశాక.

నేను తిరగేసి చేశాను. పోలీస్ క్లియరెన్స్ తేలిగ్గా వచ్చేస్తుందని ముందు అదే తెచ్చుకున్నాను. ఒక కాగితం చేతికొచ్చేసరికి పని సగం అయిపోయినంత నిశ్చింత. తీరా ట్రాన్స్‌క్రిప్ట్స్‌కి యూనివర్సిటీలో రెండున్నర నెలలు పట్టింది. వీసా కౌంటర్‌లో ఆమె పోలీస్ క్లియరెన్స్ మీద తేదీ కింద పెన్సిల్‌తో చిన్న గీత గీసి, కాగితం నా వైపు తిప్పింది. మూడు నెలల లోపుది కావాలి, నాది మూడు నెలల తొమ్మిది రోజులు. మళ్లీ వేలిముద్రలు, మళ్లీ క్యూ. చేరే తేదీ నెల వెనక్కి జరిగింది.

కిటికీ_సీటు:
పాస్‌పోర్ట్ గడువు ఇప్పుడే చూసుకోండి. చాలా దేశాలు ఇంకో ఆరు నెలలైనా ఉండాలంటాయి. మధ్యలో రెన్యువల్ చేయిస్తే నంబరు మారిపోతుంది, అప్పటికే నింపిన ఫారాలన్నీ మళ్లీ సరిచేసుకోవాలి.

మధ్యాహ్నం_ఎండ:
అపోస్టిల్ గురించి ఒక మాట. మన కాగితాలు వేరే దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర అది. 1961 హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉండి, ఒకదాని మీద ఒకటి అభ్యంతరం చెప్పకపోతే సర్టిఫికెట్‌కి ఆ ఒక్క ముద్ర చాలు, ఎంబసీ చుట్టూ తిరగక్కర్లేదు. పాత జాబితాలు చూసి మోసపోకండి. కెనడా 2024 జనవరి 11 నుంచి ఇందులోకి వచ్చింది. అంతకుముందు రాసిన సలహాలు ఇంకా అలాగే తిరుగుతున్నాయి. ఇంకొకటి, అపోస్టిల్ చెప్పేది సంతకం, ముద్ర అసలువని మాత్రమే. లోపల రాసింది నిజమా కాదా అన్నది దాని పని కాదు. అపోస్టిల్‌కి గడువు లేదు, కింద ఉన్న కాగితానికి ఉండొచ్చు.

నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. స్కాన్ సరిగ్గా రావాలని అపోస్టిల్ వేసిన కాగితాల స్టేపుల్ పిన్ను తీసి, పేజీలు విడదీసి, మళ్లీ అవే రంధ్రాల్లో గుచ్చాను. కౌంటర్‌లో ఆయన కాగితం వెలుతురుకి పెట్టి చూసి తిరిగిచ్చేశాడు. విప్పిన అపోస్టిల్ చెల్లదన్నాడు. మళ్లీ మొదటి నుంచి.

వాన_చినుకు:
అందరికీ థ్యాంక్స్. పాత_డైరీ గారు చెప్పినట్టు రెండు కుప్పలు చేద్దామని కూర్చున్నాక అసలు సంగతి నాకే అర్థమైంది. నా డిగ్రీలో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక 'హెచ్' ఎక్కువుంది, పాస్‌పోర్ట్‌లో లేదు. ఆ జాబితాలో నాకు కనిపిస్తున్నది ఆ ఒక్క అక్షరమే. అది తేలదేమో, ఉద్యోగం పోతుందేమో అన్న భయంతోనే మిగతావీ ముట్టుకోలేదు.

తెల్లకలువ:
తమ్ముడూ, నీ పోస్ట్ చదువుతుంటే నన్ను నేను చూసుకున్నట్టుంది. నాదీ ఇలాగే ఒక అక్షరం గొడవ. ఐదు వారాలు ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. నువ్వు ముందు హెచ్‌ఆర్‌కి రాయి. రెండు కాగితాల స్కాన్‌లూ పెట్టి, 'ఈ తేడాకి ఏ డాక్యుమెంట్ ఇస్తే ఒప్పుకుంటారు?' అని అడుగు. కొన్నిచోట్ల ఈ రెండు పేర్లూ ఒకరివే అన్న అఫిడవిట్ చాలు. కొన్నిచోట్ల సర్టిఫికెట్టే మార్పించాలి. అడక్కుండా నీ అంతట నువ్వు ఏదో ఒకటి చేయించకు.

నాకు మార్పించమన్నారు. కాలేజీలో పెద్దాయన పాత అడ్మిషన్ రిజిస్టర్ తీసి, దుమ్ము తుడిచి, వరుస మీద స్కేలు పెట్టి చూపించాడు. తప్పు వాళ్లది కాదు. పదిహేడేళ్లప్పుడు నేనే నీలం ఇంకుతో రాసుకున్న స్పెల్లింగ్ అది. ఆ అక్షరం మీద చాలాసేపు వేలు పెట్టి ఉండిపోయాను. ఆరు వారాల్లో కొత్త సర్టిఫికెట్ వచ్చింది. భయపడుతూ కూర్చున్న ఐదు వారాలూ కలిసొచ్చుంటే నా మొదటి జాయినింగ్ తేదీకే వెళ్లేదాన్ని.

ముగ్గురం:
కుటుంబంతో వెళ్లేవాళ్లు పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువీకరణ, టీకాల కార్డు మొదటి కుప్పలోనే పెట్టండి. జనన ధ్రువీకరణ కొత్తగా తీసిందే కావాలనే దేశాలున్నాయి, అడిగి తెలుసుకోండి. ఒరిజినల్స్ అన్నీ చేతి బ్యాగులోనే. చెక్-ఇన్ సామానులో వద్దు.

వాన_చినుకు:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. మెయిల్ తెరిచాను. మొత్తం పద్నాలుగు కాగితాలు, ఎనిమిది బీరువాలోనే ఉన్నాయి. ట్రాన్స్‌క్రిప్ట్స్‌కి అప్లై చేశాను. 'హెచ్' గురించి రాస్తే మర్నాడే జవాబొచ్చింది అక్కా. అఫిడవిట్ చాలన్నారు, దానికీ అపోస్టిల్ ఉండాలట. రేపు పదిన్నరకి నోటరీ దగ్గరికి వెళ్తున్నాను. అఫిడవిట్ రెండు పేజీలు. పిన్ను కొట్టకముందే స్కాన్ తీసుకోమంటారా?

మధ్యాహ్నం_ఎండ:
సంతకం, ముద్ర పడ్డాక, పిన్ను కొట్టేలోపు తీసుకోండి. అపోస్టిల్ వేశాక ఇంకోసారి, విప్పకుండా, పేజీ మడిచి.