ఫ్యునరల్ హోమ్ బిల్లులో లైసెన్సు చట్టాల వాటా ఎంత?

మధురవాణి: మా మామగారు పోయారు. ఇక్కడ న్యూజెర్సీలో దహనమే కదా, ఖర్చు తక్కువే అనుకున్నాం. ఫ్యునరల్ హోమ్ (అంత్యక్రియలు చేయించే సంస్థ) బిల్లు చూస్తే 'బేసిక్ సర్వీసెస్ ఫీజు' (ఏర్పాట్లు, కాగితాల పని లాంటి వాటికి) అనేదే అన్నిటికన్నా పెద్ద పద్దు. వద్దన్నా తీసేయరట. లైసెన్సున్న ఫ్యునరల్ డైరెక్టర్, అంటే అంత్యక్రియలు నడిపించే మనిషి, లేకుండా పని జరగదన్నారు. నిజమేనా?

కృష్ణాతీరం: న్యూజెర్సీలో నిజమేనండి. న్యూయార్క్, ఇల్లినాయిలోనూ అంతే. చాలా రాష్ట్రాల్లో మాత్రం కాగితాల పని కుటుంబమే చూసుకోవచ్చు. ఈ వ్యాపారం మీద కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫెడరల్ ఫ్యునరల్ రూల్ ప్రకారం వద్దనే వీలు లేని ఫీజు ఇదొక్కటే. అందుకే దీన్ని గట్టిగా వడ్డిస్తారని నా అనుమానం! ఎంబామింగ్ (శవం పాడవకుండా రసాయనాలు ఎక్కించడం) కూడా బిల్లులో వేశారా? నేరుగా దహనం చేస్తే అది అక్కర్లేదు.

మధురవాణి: వేశారు. మేం అడగనే లేదు.

కృష్ణాతీరం: అయితే తీసేయమని అడగండి. శవపేటిక బయట కొన్నా వాళ్లు కాదనకూడదు, దానికి అదనపు ఫీజు వేయడం కూడా 1994 నుంచి నిషేధం.

వకీలు_నాని: ఆ హక్కు ఉన్నా, బయట అమ్మేవాడు ఉండాలి కదా. లూసియానాలో ఒక క్రైస్తవ మఠం సన్యాసులు చెక్క శవపేటికలు చేసి అమ్మబోతే, ఫ్యునరల్ డైరెక్టర్ లైసెన్సు లేదని ఆ లైసెన్సులిచ్చే రాష్ట్ర బోర్డు అడ్డుపడింది. పేటిక అంటే ఒక పెట్టె, అంతే! 2013లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ ఆంక్షను కొట్టేసింది. టెన్నెసీలో అలాంటిదే 2002లో పోయింది. ఓక్లహోమాలో మాత్రం 2004లో కోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది. మిన్నెసోటా సంగతి ఇంకా విచిత్రం. ఎంబామింగ్ చేయని వ్యాపారి రెండో బ్రాంచి పెట్టాలన్నా ఎంబామింగ్ గది కట్టాల్సి వచ్చేది. 2012లో కోర్టు దాన్నీ కొట్టేసింది. వాడని గది ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు.

రేవతి_ఆర్: లైసెన్సులన్నీ దండగ అనకండి. కొలరాడోలో ఏళ్ల తరబడి ఫ్యునరల్ డైరెక్టర్లకు లైసెన్సే లేదు. 2023లో పెన్‌రోజ్ అనే ఊళ్లో ఒక భవనంలో దాదాపు 190 కుళ్లిన శవాలు దొరికాయి. కొన్ని కుటుంబాలకు చితాభస్మం బదులు కాంక్రీటు పొడి ఇచ్చారట. ఆ తర్వాత 2024లో లైసెన్సు చట్టం చేశారు.

వకీలు_నాని: ఒప్పుకుంటానండి. శవాన్ని చూసుకునేవాడికి లైసెన్సు ఉండాల్సిందే. పెట్టె అమ్మేవాడికి ఎందుకన్నదే నా గొడవ.

మధురవాణి: ఎంబామింగ్ తీసేశారు! బేసిక్ ఫీజు మాత్రం అలాగే ఉంది. పక్క ఊళ్లో ఎంత తీసుకుంటారో ఫోన్‌లో చెప్తారా?

కృష్ణాతీరం: చెప్పాలి. పేరు, నంబరు ఇవ్వకపోయినా సరే, ఫోన్‌లో ధర అడిగితే చెప్పి తీరాలి. ఆ ఫ్యునరల్ రూల్‌లోనే ఉంది.