విడాకులయ్యాక కౌన్సెలింగ్‌కి వెళ్లమంటున్నారు, అక్కడ ఏం చేస్తారు?

గుంటూరు లెక్కల టీచర్:
నాకు 34. మ్యూచువల్ కన్సెంట్‌తో విడాకులై ఏడాది దాటింది. పాప నాలుగో తరగతి. అమ్మావాళ్లింట్లోనే ఉంటున్నాం. పైకి బాగానే ఉన్నా. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువొస్తే మాత్రం ఇక నిద్ర పట్టదు. పెళ్లి పిలుపు వస్తే ఒంట్లో బాలేదని తప్పించుకుంటున్నా. మా హెచ్‌ఎం మేడం కౌన్సెలింగ్‌కి వెళ్లమంటున్నారు. నాకు తెలిసిన కౌన్సెలింగ్ ఫ్యామిలీ కోర్టుదే. "పాప ముఖం చూసైనా సర్దుకుపోమ్మా" అన్నారు. మళ్లీ అదేనా? మాత్రలు అలవాటు చేస్తారా? అటువైపు వాళ్లకి తెలిస్తే పాప కోసం కోర్టుకెక్కుతారేమోనని ఇంకో టెన్షన్.

ఉప్పల్ అక్క:
అది వేరు, ఇది వేరు చెల్లీ. రాజీకి అవకాశం ఉందేమో ముందు చూడమని 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలోనే ఉంది, కోర్టు కౌన్సెలర్ ఆ పనే చేస్తారు. థెరపిస్టుకి నీ కాపురంతో పనిలేదు.

నేను సీబీటీ (మన ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే థెరపీ) చేసే ఆవిడ దగ్గరికి వెళ్లా. మొదట నిద్ర, తిండి, చచ్చిపోవాలనిపించిందా, ఇంట్లో ఎవరు అండ, ఇవే అడిగారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకు రమ్మన్నారు. తర్వాత నోట్‌బుక్. ఏం జరిగింది, మనసులో ఏ మాట వచ్చింది, ఒంట్లో ఏమైంది అని మూడు గళ్లు.

మా పిన్ని కూతురి నిశ్చితార్థంలో కుంకుమ భరిణె నన్ను దాటి పక్కావిడ దగ్గరికి వెళ్లింది. రెండో గడిలో "నేను అశుభం" అని రాశా. ఆవిడేమీ ఓదార్చలేదు. "భరిణె పట్టుకున్నావిడ అలా అనుకుని ఉండొచ్చు. మీరెందుకు దాన్ని మీ మాటగా రాశారు?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. బస్సెక్కాక కూడా అదే ఆలోచన. ఆ వారమంతా ఏ మాట ఎవరిదో వేరు చేయడమే నా హోంవర్కు. సగం మా అత్తగారివి, కొన్ని మా అమ్మవే!

ఫంక్షన్లకి కూడా ఒక్కసారే తోసేయరు. ముందు రిసెప్షన్‌కి అరగంట వెళ్లి, భోంచేసి వచ్చేయడం. మెలకువొస్తే మంచం మీద దొర్లకుండా లేచి వేరే చోట కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే పడుకోమన్నారు. గడియారం చూడొద్దన్నారు.

ఇంకోటి. విడాకులు మనమే అడిగినా బెంగ ఉంటుంది. ఆ మాట ఇంట్లో అంటే "మరెందుకు వదిలేశావ్" అంటారు. అక్కడ అనరు. నేనిచ్చిన ఫీజు దీనికే అనుకుంటా.

క్లినికల్ సైకాలజిస్ట్, విశాఖ:
మేం మాత్రలు రాయం, అవసరమైతే సైకియాట్రిస్టు రాస్తారు. డిప్రెషన్‌కి ఇచ్చే మందులు నిద్రమాత్రల్లా అలవాటు పడేవి కావు, అయితే సొంతంగా ఒక్కసారే ఆపకూడదు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పేవారిని ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, మొహమాటం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. గతంలో చికిత్స తీసుకున్నారన్న ఒక్క కారణంతో మానసిక రోగి అని తేల్చకూడదనీ అందులో ఉంది. కస్టడీ సంగతి మీ లాయర్నే అడగండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

తెనాలి బాబాయ్:
ఫీజు సంగతి ఎవరూ చెప్పరేంటమ్మా? ప్రైవేటులో వారం వారం అంటే టీచర్ జీతానికి భారమే. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది, ముందు అక్కడ చూపించుకో.

గుంటూరు లెక్కల టీచర్:
థాంక్స్ అక్కా, మేడం, బాబాయ్ గారూ. జీజీహెచ్‌లో మా స్కూలు పేరెంట్స్ ఎవరైనా తగులుతారేమోనని జంకు. శనివారం సాయంత్రం పాప డాన్స్ క్లాసులో ఉండే గంట నాకు ఖాళీ. ఆ టైములో ఆన్‌లైన్‌లో తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారా? ఇంట్లో అమ్మ వింటుంది, స్కూటీ మీద కూర్చుని ఫోన్‌లో మాట్లాడితే ఒప్పుకుంటారా?