నాయకుడు తన కులానికి చేసుకుంటే తప్పేంటి?

డిండి అలుగు, దేవరకొండ
మా వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవ ఇది. 2024 మార్చిలో తెలంగాణ కేబినెట్ ఒక్కసారే 16 కుల సంక్షేమ కార్పొరేషన్లకు ఓకే చెప్పింది. ముదిరాజ్, యాదవ కురుమ, మున్నూరు కాపు, పద్మశాలి, మాదిగ, లంబాడా, వీటితోపాటు రెడ్డి, ఆర్యవైశ్య కార్పొరేషన్లు కూడా. అంతకుముందు సర్కారు 2017లో గొల్లకురుమలకు 75 శాతం సబ్సిడీ మీద గొర్రెలు పంచింది, బ్రాహ్మణ పరిషత్ పెట్టింది. "కుర్చీలో ఉన్నోడు తనవాళ్లకు చేసుకోకపోతే ఇంకెవడు చేస్తాడు" అని ఒకాయన. "గెలిచాక అందరి మనిషే" అని ఇంకొకాయన. మీరేమంటారు? పార్టీలను తిట్టుకోవద్దు, దండం పెడతా.

వంగూరు రోడ్డు
ఇందులో అడగడానికి ఏముందన్నా? 2023లో ఉమ్మడి నల్గొండ 12 సీట్లు చూడు. దేవరకొండ ఎస్టీకి, నకిరేకల్, తుంగతుర్తి ఎస్సీలకు. మిగిలిన తొమ్మిదిలో ఎనిమిది రెడ్లవే. ఆలేరులో బీర్ల ఐలయ్య ఒక్కరే బీసీ. కులసర్వే ప్రకారం రాష్ట్రంలో బీసీలు 56 శాతం. సీట్లే ఇట్లుంటే నిధులు ఎట్లుంటాయో వేరే చెప్పాలా?

సాగర్ ఎడమ కాల్వ, మిర్యాలగూడ
తమ్మీ, గెలవడం వేరు, గెలిచాక చేయడం వేరు. ఆ ఎనిమిది మందికీ అన్ని కులాలోళ్లూ ఓట్లేస్తేనే గెలిచారు. కాల్వలో నీళ్లొస్తే గౌండ్లోళ్ల పొలమా, రెడ్ల పొలమా అని చూసి పారతాయా? మనోడికి టికెట్ రాలేదన్న మంటను నిధుల లెక్కలో కలపొద్దు.

వంగూరు రోడ్డు
కాల్వ దిగువన ఉన్న మీరు ఆ మాట అనొచ్చు సార్. కాల్వ ఎక్కడిదాకా తవ్వాలో నిర్ణయించింది ఎవరు? మునుగోడు, దేవరకొండ మెట్టకు నీళ్లు ఎప్పుడొచ్చాయి?

సాగర్ ఎడమ కాల్వ, మిర్యాలగూడ
మునుగోడుకు కూడా రెడ్డి ఎమ్మెల్యేలు బాగానే ఉన్నారు కదా, మరి వాళ్లెందుకు తెచ్చుకోలేదు? అది ఎత్తుపల్లాల సమస్య. ప్రతిదాన్నీ కులంతో కొలవొద్దు.

మోడరేటర్
ఒక ఎమ్మెల్యే కులం మీద బూతులు రాసిన రెండు కామెంట్లు తీసేశాను. మూడోది వస్తే తాళం వేస్తా.

పాలమూరు పంతులు
మీ ఇద్దరి కొట్లాటలో అసలు సంగతి జారిపోతోంది. పేరు పెట్టి పంచే పథకాలు చాలావరకు నాయకుడి సొంత కులానికి కావు, ఓట్లున్న కులానికి. దళితబంధు చూడండి. 2021 ఆగస్టులో మన వాసాలమర్రిలోనే 76 కుటుంబాలకు పది లక్షల చొప్పున మొదలైంది. ఇచ్చిన ముఖ్యమంత్రి దళితుడు కాదు. 500 జనాభా దాటిన తండాలను 2018లో పంచాయతీలు చేసిందీ ఆయన సర్కారే, ఆయన లంబాడా కాదు.

సొంతవాళ్లకు చేసేది పేరు లేకుండా జరుగుతుంది. రైతుబంధునే తీసుకోండి. ఎకరాకు సీజన్‌కు 5 వేలు ఇచ్చేవారు, ఎకరాలకు పరిమితి ఉండేది కాదు. రెండెకరాల ముదిరాజ్‌కు 10 వేలు, ఇరవై ఎకరాల పటేలుకు లక్ష, ఆ పటేలు భూమినే దున్నే కౌలు రైతుకు సున్నా. కాయితం మీద ఏ కులం పేరూ లేదు. భూమి ఎవరి చేతుల్లో ఎక్కువుందో తెలిసినోళ్లకు ఆ డబ్బు ఎటు పోయిందో చెప్పాల్సిన పని లేదు. ఇప్పుడు రైతు భరోసా కింద ఏడాదికి ఎకరాకు 12 వేలు. పార్టీ మారింది, ఎకరం లెక్క మారలేదు.

గొర్రెల స్కీములో అవినీతి మీద మనం ఏళ్లకేళ్లు మాట్లాడుకున్నాం, మంచిదే. కానీ దాని పక్కన ఎకరం లెక్కను పెట్టి ఎవరైనా మాట్లాడారా?

సాగర్ ఎడమ కాల్వ, మిర్యాలగూడ
పంతులుగారూ, రైతుబంధు తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులే. ఇది మీరు దాటేశారు. పేరు పెట్టకుండా చేస్తారన్నారు, మరి 2021లో ఖానామెట్‌లో వెలమ, కమ్మ సంఘాలకు ఐదేసి ఎకరాలు పేరు పెట్టే ఇచ్చారు కదా?

పాలమూరు పంతులు
ఇచ్చారు, హైకోర్టు ఆపింది. నేననేది కూడా అదే. పేరుంటే కోర్టుకు పోవచ్చు. ఎకరం లెక్క మీద ఏమని పోతారు? ఇక చిన్న రైతుల విషయం. తలకాయలు వాళ్లవే ఎక్కువ, ఒప్పుకుంటా. తలకు ఎంతొచ్చింది అన్నదే నా ప్రశ్న.

నైరోబీ నుంచి నల్గొండోడు
ఉద్యోగం మీద ఇక్కడున్నా కాబట్టి ఒక ముక్క. 1963 నుంచి 2011 దాకా కెన్యాలో రోడ్ల ఖర్చును ఆర్థికవేత్తలు లెక్కతీశారు. అధ్యక్షుడి తెగవాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లాలకు ఖర్చు రెండింతలు, తారు రోడ్డు ఐదింతలు. నిజమైన ఎన్నికలు జరిగిన కాలాల్లో మాత్రం ఆ తేడా దాదాపు పోయింది. కాబట్టి ఓటు ఉన్నచోట కొంత కళ్లెం పడుతుంది.

వంగూరు రోడ్డు
మనకు 1952 నుంచి ఎన్నికలున్నాయి అన్నా. కళ్లెం ఏదీ?

అమ్రాబాద్ బస్సు
ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ చెంచుల పేరెత్తలేదు. "మనోడు గెలిస్తే మనకు చేస్తాడు" అన్నదే న్యాయమైతే వీళ్లు ఎవరిని గెలిపించుకోవాలి? రాష్ట్రంలో చెంచులు 2011 లెక్కల్లో దాదాపు 17 వేలు. వాళ్లుండే అచ్చంపేట ఎస్సీ సీటు. రాష్ట్రంలోని 12 ఎస్టీ సీట్లలో ఒక్క చెంచు ఎమ్మెల్యే లేడు, ఆ జనాభాతో వచ్చే దారీ లేదు. మన్ననూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఉన్నదంటే, 2023లో బాగా వెనకబడిన గిరిజన తెగల కోసం పీఎం జన్‌మన్ పథకం వచ్చిందంటే, అవి చెంచు నాయకుడు తెచ్చినవి కావు. ఎవరు బాగా వెనకబడ్డారు అన్న కొలత పెట్టారు కాబట్టి వచ్చినవి.

డిండి అలుగు, దేవరకొండ
అక్కా, ఒప్పుకుంటున్నా. కానీ "ఎవరు వెనకబడ్డారు" అని కొలిచేదీ ఆ కుర్చీలో ఉన్నోళ్లే కదా. మా లంబాడాలను 1976లో ఎస్టీల్లో కలిపినప్పటి నుంచి ఆదివాసీలకూ మాకూ ఇప్పటికీ తెగని తగువు.

అమ్రాబాద్ బస్సు
అందుకే కొలత జనం ముందు ఉండాలంటున్నా తమ్ముడూ. కులసర్వేలో ఇంటింటికీ భూమి ఎంతుందో అడిగారు. ఆ లెక్కను, రైతు భరోసా డబ్బుల లెక్కను మండలాలవారీగా పక్కపక్కన పెట్టమనండి.

సాగర్ ఎడమ కాల్వ, మిర్యాలగూడ
పెట్టమనండి, నాకేం భయం లేదు. కానీ మా దగ్గర కౌలు అంతా నోటిమాట మీదే నడుస్తుంది, కాయితం రాయరు. ఆ పట్టికలో కౌలు రైతును ఏ వరుసలో రాస్తారో అది కూడా చెప్పండమ్మా.