తయారు కానివాళ్లకు మైకు ఇవ్వాలా వద్దా? జాలరిపేటలో నాకు జరిగింది చదివి చెప్పండి

జ్ఞానాపురం తమ్ముడు

అందరికీ వందనాలు. మా చర్చి యూత్ నుంచి 11 మందిమి ప్రతి ఆదివారం సాయంత్రం పేటల్లో సువార్త చెప్పడానికి వెళ్తుంటాం. మే నెలలో మన విశాఖలోనే మత్స్యకారులుండే జాలరిపేట వెళ్లాం. ఆ రోజు వాక్యం, అంటే బైబిలు ప్రసంగం, నాకు అప్పగించారు. లూకా సువార్త 5వ అధ్యాయం ఎత్తుకున్నాను. పేతురు రాత్రంతా కష్టపడినా ఏమీ పడలేదు, ప్రభువు మాట మీద వల వేస్తే పిగిలిపోయేంత చేపలు పడ్డాయి. మత్స్యకారులకు ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. ఊపులో "రేపు తెల్లారకముందే వేటకెళ్తారు కదా, మీ వలలూ అలాగే నిండుతాయి" అనేశాను.

ముందు కూర్చున్న ఒక ముసలమ్మ నవ్వింది. "బాబూ, బోట్లు కట్టేసి నెల దాటింది. ఏ వల వెయ్యమంటావు?" అంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ సంగతి నాకు తెలియక కాదు, తట్టలేదు. ఒడ్డున వరసగా లాగిపెట్టిన బోట్ల మధ్య నుంచే నడిచి వెళ్లాను మరి! పనిలేక అప్పు చేసి తింటున్నవాళ్లకు వలలు నిండుతాయని చెప్పాను. ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు.

వచ్చాక ఒక ప్రతిపాదన పెట్టాను. వారం ముందే వాక్యభాగం ఇద్దాం. గురువారం రాత్రి మన మధ్య ఒకసారి చెప్పి చూపించినవాళ్లకే ఆదివారం మైకు. అంతే, యూత్ రెండు ముక్కలైంది. సగం మంది ఇది ఆత్మను ఆర్పడమే, అంటే పరిశుద్ధాత్మ పలికించే మాటకు అడ్డుపడటమే అంటున్నారు. మీరేమంటారు?

గాజువాక బ్రదర్

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది కానీ మందు తప్పు రాశావు. ఏం చెప్పాలో అని చింతపడొద్దు, ఆ గడియలోనే ఇవ్వబడుతుందని మత్తయి 10లో ప్రభువే అన్నాడు. పేతురు, యోహాను చదువులేని పామరులని అపొస్తలుల కార్యాలు 4లో రాసి ఉంది. అయినా సభ మొత్తం నోరెళ్లబెట్టింది.

నా సంగతే చెప్తాను. నేను మారింది ఏ డిగ్రీలున్న ప్రసంగికుడి వల్లా కాదు. మా వీధిలో రిక్షా తొక్కే ఒకాయన తన తాగుడు ఎలా పోయిందో పది నిమిషాలు చెప్పాడు. ఆయనకు సంతకం కూడా రాదు. మీ గురువారం పరీక్షలో ఆయన పాసయ్యేవాడా?

పాత పోస్టాఫీసు తాతయ్య

నేను రిటైరైన తెలుగు మాస్టారిని. రెండు ముక్కలు చెప్తాను. రెండంటే నాలుగవుతాయి, ఓర్చుకోండి.

మత్తయి 10లో ఆ మాట ఎవరికి చెప్పారో పై వచనాలు చదివితే తెలుస్తుంది. పట్టుకెళ్లి సభల ముందు, అధిపతుల ముందు నిలబెట్టినప్పుడు భయపడొద్దని చెప్పింది అది. వారం రోజులు ఖాళీగా ఉండి ఆదివారం బైబిలు తెరిచేవాడికి రాసిచ్చిన సెలవు చీటీ కాదు. ఇక పేతురు బడికి వెళ్లలేదేమో గాని, మూడేళ్లకు పైగా రాత్రింబగళ్లు గురువు పక్కనే ఉన్నాడు. అంతకన్నా పెద్ద కాలేజీ ఏముంది? పౌలునే చూడండి. మరణం దగ్గరపడిందని తెలిసి, చెరసాల నుంచి తిమోతికి రాసిన ఉత్తరంలో అంగీతో పాటు పుస్తకాలు, చర్మపు కాగితాలు తెమ్మని అడిగాడు. రేపోమాపో పోయేవాడికి పుస్తకాలెందుకు?

మన ఊరి సంగతి కూడా తెలుసుకోండి. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దర్ని పంపితే 1805లో విశాఖపట్నంలో దిగారు. ముందు తెలుగు నేర్చుకున్నారు. సువార్తల అనువాదానికి కూర్చున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు క్రైస్తవుడై వాళ్ల పనికి తోడయ్యాడు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ పోయారు. వాళ్లు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పుస్తకం చూడకుండానే ఇద్దరూ వెళ్లిపోయారు. ఇప్పుడు మీరు సెల్‌ఫోన్లో వేలితో తోసి చదువుకుంటున్న తెలుగు బైబిలు వెనక అలాంటి వాళ్ల చెమట ఉంది. ఒక్క గురువారం రాత్రి మీకు బరువైందా?

సీతమ్మధార పాఠకుడు

నేను క్రైస్తవుణ్ని కాను. మా గుమ్మం దాకా వచ్చేది మీరే కాబట్టి ఒక మాట.

పోయినసారి వచ్చిన అబ్బాయి పూజ గదివైపు వేలు చూపించి ఏదో అన్నాడు. మా అమ్మ మంచినీళ్లిచ్చి పంపించేసింది, నాకు మాత్రం ఒళ్లు మండింది. మేము ఏం నమ్ముతామో అతనికి ముక్క తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటే ఇదే.

పక్కనున్న విజయనగరం వారే ఆదిభట్ల నారాయణదాసు గారు. సంస్కృతం సరే, పారశీకం కూడా నేర్చి ఉమర్ ఖయ్యాంను నేరుగా అందులోంచే తెలుగు చేశారు. అంత చదువుకుని గజ్జె కట్టారు కాబట్టే హరికథా పితామహుడన్నారు. భక్తి ఉంటే సాధన అక్కర్లేదని ఆయన అనుకోలేదు. మీతో నేను ఏకీభవించను, అది వేరు. కానీ తయారై వచ్చినవాడితో కూర్చుని వాదించడానికైనా బావుంటుంది.

గాజువాక బ్రదర్

సీతమ్మధార గారూ, ఆ అబ్బాయి తరఫున క్షమాపణ.

మాస్టారూ, సందర్భం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. నా భయం ఇంకొకటి. ఇప్పుడు తయారీ అంటే ఏంటో తెలుసా? శనివారం రాత్రి యూట్యూబ్‌లో ఒక పెద్ద ప్రసంగికుడిని వినడం, ఆదివారం అదే గొంతుతో, అదే దగ్గుతో సహా అప్పజెప్పడం. పరీక్ష పెడితే ఇదింకా పెరుగుతుంది. పైగా ఇంగ్లిష్ మీడియం పిల్లలు నెగ్గుతారు, ఆటో తోలేవాడు వెనక బెంచీలో కూర్చుంటాడు.

మర్రిపాలెం అక్క

బ్రదర్ చెప్పిన భయం నిజమే. మా అమ్మ బైబిలు ఉమన్‌గా, అంటే ఇంటింటికీ వెళ్లి బైబిలు చెప్పే మనిషిగా, ముప్పై ఏళ్లు తిరిగింది. చదివింది ఐదో తరగతి. కానీ ఏ పేటకు వెళ్లాలన్నా ముందురోజు వెళ్లి ఊరికే కూర్చునేది. ఎవరింట్లో పురుడు, ఎవరింట్లో చావు, కుళాయి ఎప్పుడొస్తుంది, అన్నీ కనుక్కునేది. ఇంటికొచ్చి అధ్యాయం మొత్తం నాచేత చదివించుకునేది, ఒక్క వచనం కాదు. వంట చేస్తూ పైకే చెప్పుకునేది. అమ్మకు తయారీ అనే మాటే తెలియదు, చేసేది మాత్రం అదే. పౌలు కూడా ఏథెన్సులో నోరు విప్పకముందు వీధులన్నీ తిరిగి, "తెలియబడని దేవునికి" అన్న బలిపీఠం చూశాకే మాట్లాడాడు కదా.

అందుకే తమ్ముడూ, నీ రూల్ సగం మార్చు. తమ బతుకు ఎలా మారిందో సాక్ష్యం చెప్పేవాళ్లను ఆపొద్దు, వాళ్ల బతుకే వాళ్ల తయారీ. వాక్యం వివరించేవాళ్లకు మాత్రం గురువారం పెట్టు. దాన్ని పరీక్ష అనకు. పరీక్ష అంటేనే టెన్షన్, ఎవరూ రారు. మేం హాస్పిటల్లో కొత్త నర్సులకు నేర్పేటప్పుడు తప్పు వెంటనే అందరిముందూ చెప్పం, ముందు మనం చేసి చూపిస్తాం. నువ్వూ మొదటి గురువారం నీ జాలరిపేట ప్రసంగమే మళ్లీ చెప్పు, అందరూ నవ్వనీ. లీడరే తన తప్పు బయటపెట్టుకుంటే మిగతావాళ్లకు నోరు పెగులుతుంది. తిడితే ఎవరూ చదవరు. వినేవాళ్లు నలుగురున్నారంటే మాత్రం ఎంత బద్ధకస్తుడైనా బుధవారం రాత్రే పుస్తకం తీస్తాడు.

అన్నట్టు, మీ 11 మందిలో ఆడపిల్లలెంతమంది? వాళ్లకూ వాక్యం ఇస్తారా, పాటలు, ప్రార్థనతో సరిపెడతారా?

జ్ఞానాపురం తమ్ముడు

నలుగురు, అక్కా. ఇప్పటిదాకా పాటలే. సిగ్గుగా ఉంది.

ఈ గురువారం 7 గంటలకు మా మేడ మీద పెడుతున్నాను. నా లూకా 5 మళ్లీ చెప్తాను. ఈలోపు జాలరిపేట వెళ్లి ఆ ముసలమ్మతో కాసేపు మాట్లాడాలి. మాస్టారూ, మీరు వస్తే ఎర్ర పెన్నుతో కాకుండా పెన్సిలుతో దిద్దండి.

గాజువాక బ్రదర్

నాకు ఈ వారం బీ షిఫ్ట్, రాత్రి 10కి దిగుతాను. 10:30కి మార్చగలిగితే వస్తా. మాట్లాడను, వినడానికే.