బాండ్ల లిక్విడిటీకి ‘ద్రవ్యలభ్యత’ సరిపోతుందా?

ప్రశ్న: కంపెనీ బాండ్ల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ‘లిక్విడిటీ తక్కువున్న బాండుకు ఈల్డ్ ఎక్కువ’ అని చెప్పాలి. పత్రికలు వాడే ‘ద్రవ్యలభ్యత’ వేస్తే అర్థం ఎటో పోతోంది. ఇంకేదైనా మాట ఉందా?

ఒకరు: పోతుంది మరి. ద్రవ్యలభ్యత అంటే బ్యాంకుల్లో, బజారులో డబ్బు ఆడటం. రిజర్వు బ్యాంకు వార్తలకు అది బాగానే ఉంటుంది. మీరు చెప్పేది చేతిలో ఉన్న బాండును ధర పెద్దగా తగ్గించకుండా అమ్ముకోగలమా అన్న సంగతి. దానికి ‘మారుబేరం’ ఉంది కదా. మారుబేరం లేని బాండు అనండి.

ఈల్డ్‌ను ‘రాబడి’ అనండి, ‘వడ్డీ’ మాత్రం వద్దు. ఏడాది తర్వాత అసలూ వడ్డీ కలిపి 108 రూపాయలు చేతికొచ్చే బాండును 100కి కొంటే రాబడి 8 శాతం. కొనేవాళ్లు దొరక్క ఎవరో 98కే వదిలించుకుంటే, కొన్నవాడికి 10 శాతం దాటుతుంది. కంపెనీ ఇచ్చే వడ్డీ అదే, దివాలా భయమూ పెరగలేదు. మన దగ్గర బీమా సంస్థలు, పీఎఫ్ ట్రస్టులు ఇలాంటివి కొని చాలావరకు గడువుదాకా దాచేస్తాయి, ఇక బేరం ఎక్కడ? అన్నిటికన్నా పైదైన ఏఏఏ రేటింగే రెండిటికీ ఉన్నా, తరచూ చేతులు మారే ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ అనే ప్రభుత్వ ఫైనాన్స్ సంస్థల బాండ్ల కన్నా ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలవి సాధారణంగా కాస్త ఎక్కువ రాబడి ఇస్తాయి. (ప్రభుత్వ సంస్థ అన్న నమ్మకం కూడా అందులో కలిసి ఉందనుకోండి.)

మరొకరు: మారుబేరంలో దళారి వాసన కొడుతోందండీ. ‘సులువుగా అమ్ముడుపోని’ అంటే పోలేదా?

ఒకరు: వ్యాసం నిండా అంత పొడుగు మాటా? బాండ్ల డీలరు చేసేదీ మారుబేరమేగా, వాసన ఉండనివ్వండి.

ఇంకొకరు: నన్నడిగితే అసలు చిక్కు ‘బాండు’ దగ్గరే. మనవాళ్లు ఎల్‌ఐసీ పాలసీ కాగితాన్నీ, ఎఫ్‌డీ రసీదునీ బాండే అంటారు. పేరు వినగానే డబ్బు భద్రం అనిపిస్తుంది. 2013 కంపెనీల చట్టమేమో తాకట్టు ఉన్నా లేకున్నా బాండును డిబెంచర్, అంటే కంపెనీ అప్పుపత్రం కిందే లెక్కగడుతుంది. యస్ బ్యాంకు ఏటీ1 బాండ్లను (అసలు తిరిగిచ్చే గడువు లేనివి, బ్యాంకు చిక్కుల్లో పడితే రద్దయిపోగలవి) ‘సూపర్ ఎఫ్‌డీ’ అని చెప్పి అమ్మారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021 ఉత్తర్వులో ఉంది. 2020 మార్చిలో 8,415 కోట్ల విలువైన ఆ బాండ్లను రద్దు చేశారు, వ్యవహారం కోర్టులకెక్కింది. ఎఫ్‌డీ అనుకుని కొనేవాడు రిస్కుకు తగ్గ రాబడి అడుగుతాడా?

ప్రశ్న అడిగినవారు: మారుబేరం ఖాయం చేశాను. ఏటీ1లను ‘శాశ్వత బాండ్లు’ అని రాశాను, ఫర్వాలేదా?

ఇంకొకరు: వద్దండీ, ఎప్పటికీ పోనివి అనుకుంటారు. ‘గడువు లేని బాండ్లు’ అనండి.